చదవకుండా ఉదహరించిన రెండు పేజీల విషయం

విన్నిపెగ్,
ఫిబ్రవరి 26, సోమవారం.

శ్రీయుత ఆల్డెన్ ఫ్రీసన్ గారికి,
పరిశోధనా నైతికత అధికారి,
ఓక్‌వెల్ నాడీ పరిశోధనా సంస్థ.

అర్జీదారు: మార్జరీ హ్రిన్‌చుక్, సీనియర్ టెక్నీషియన్, మూడవ అంతస్తు.

అయ్యా,

విషయం: 2,318 సార్లు ఉదహరింపబడిన మా తప్పుడు పేపరును, మార్చి 11న రోగుల వెన్నులో మొదటి సూది దిగకముందే ఉపసంహరించవలెనని కోరుతూ మూడవ అర్జీ.

సూచిక: నా మొదటి అర్జీ ("చూడడమైనది" అని తిరిగివచ్చినది). నా రెండవ అర్జీ (ఎవరి మీద రాశానో వారే అధ్యక్షులుగా ఉన్న కమిటీకి పంపబడినది).

పై విషయమును పురస్కరించుకొని తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. నేను డాక్టర్ డెస్మండ్ తోర్వాల్డ్‌సన్ గారి ప్రయోగశాలలో ముప్పై ఒక్క సంవత్సరములుగా పనిచేయుచున్నాను. పద్నాలుగు సంవత్సరముల క్రితం మా పేపరు ఒకటి అచ్చయినది. మతిమరుపు జబ్బు గల చిట్టెలుకల మెదడులో, ఒక నాడీకణం ఇంకొక దానికి కబురందించే చోట, ఒక ప్రోటీన్ పెరిగిపోవుచున్నదనియు, జ్ఞాపకాన్ని తినేస్తున్నది అదేననియు అందులో ప్రకటించితిమి. రుజువు, ఫిల్ము మీద ఒక నల్లని గీత. ఆ ఒక్క ప్రోటీన్‌నే పట్టుకుంటుందని చెప్పి అమ్మిన యాంటీబాడీతో ఆ గీతను తీసినది నేనే. వేరెవరి మీదా తోసివేయుట లేదు.

2. మూడేళ్ళ తరువాత, ఆ ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువే లేని ఎలుకలు మాకు వచ్చినవి. వాటిలో ఆ ప్రోటీన్ ఉండే వీలు లేదు. కాబట్టి గీత రాకూడదు. వచ్చింది. అదే చోట, అంతే నల్లగా. ఆరుసార్లు చేశాను. ఆరుసార్లూ వచ్చింది. అనగా ఆ యాంటీబాడీ పట్టుకున్నది మరి దేన్నో. మా పేపరు తప్పు. ఇంతకన్నా మర్యాదైన మాట నాకు తెలియదు.

3. ఈ సంగతిని రెండు పేజీలలో రాసి, "ఆ గీత ఆ ప్రోటీన్‌ది కాదు" అని పేరు పెట్టాను. తోర్వాల్డ్‌సన్ గారు కళ్ళజోడు పైకి తోసి చూశారు.

"మార్జరీ, పేరులోనే తప్పు తప్పు అని దండోరా వేస్తే ఎలాగమ్మా? లోపల రాశావు కదా. చదివేవాళ్ళకి తెలుస్తుందిలే" అన్నారు.

పేరును "ఆ ప్రోటీన్ గుర్తింపుపై మరికొన్ని పరిశీలనలు" అని మార్చారు. చిన్న పత్రికకు పంపారు. రచయితల్లో మొదటి స్థానం నాకే ఇచ్చారు, ఉదారంగా. నేను సంతకం పెట్టాను. ఈ అర్జీలో నా మీద నేను చేసుకుంటున్న ఫిర్యాదు ఇదొక్కటే, కానీ పెద్దది.

4. ఈ పదకొండేళ్ళలో ఆ రెండు పేజీలను నలభై ఏడు పేపర్లు ఉదహరించినవి. నలభై ఏడూ తెప్పించుకుని చదివాను. (ఎవరో ఒకరు చదవాలి కదా.) అందులో నలభై నాలుగు, మొదటి పేపరు పక్కనే నా రెండు పేజీలనూ పెట్టి, "ఈ సంగతి ఇదివరకే రెండుసార్లు రుజువైనది" అని రాసినవి. రుజువైనదట! మిగిలిన మూడు ఎలుకల మేత గురించి ఉదహరించినవి. ఆ ముగ్గురూ కనీసం మేత దాకా చదివారు, వారికి నా నమస్కారం.

నా రెండు పేజీలు ఆ చిన్న పత్రిక సంపుటంలో 141వ పేజీన మొదలగును. మొట్టమొదట ఉదహరించిన పెద్దమనిషి తొందరలో 411 అని కొట్టాడు. తరువాత ముప్పై ఒక్క పేపర్లలో 411 అనే ఉన్నది. ఆ సంపుటమే 296వ పేజీతో ముగిసినది. లేని పేజీని ముప్పై రెండుమంది శాస్త్రవేత్తలు చూసి వచ్చారన్నమాట. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నారని మనం పల్లెటూరివాళ్ళను నవ్వుతాం. వీళ్ళు గాటు కూడా చూడకుండా దూడ బరువు రాసేశారు.

5. మా అంతస్తులో ఒక ఆచారం ఉన్నది. మొదటి పేపరు ఉదహరింపులు ఇంకో వంద దాటినప్పుడల్లా కేకు వస్తుంది. పైన క్రీముతో అంకె రాస్తారు. రెండు వేలప్పుడు తోర్వాల్డ్‌సన్ గారు కత్తి నా చేతికిచ్చి, "గీత తీసిన చెయ్యి కదా, నువ్వే కొయ్యి" అన్నారు. కోశాను. అందరికీ పంచాను. నా ముక్క తీసుకెళ్ళి బాత్రూములో ఉమ్మేశాను. ఇరవై మూడు వందల కేకు డిసెంబరులో వచ్చింది. ఆ వాసనకే బయటికి పోయి, మైనస్ ముప్పైలో కోటు లేకుండా నిలబడ్డాను.

ఇంతవరకు జరిగినది రోత మాత్రమే. రోతకు అర్జీ పెట్టరాదని నాకు తెలుసు. ముప్పై ఏళ్ళు దానితోనే జీతం తిన్నాను.

6. కానీ గత గురువారం ఎలుకల గది చూసే ఒరెస్ట్ బరానియుక్ నా బల్ల దగ్గరకు వచ్చాడు. ఇరవై రెండేళ్ళుగా మా ఎలుకలన్నిటికీ మేత, నీళ్ళు, రంపపు పొట్టు అతని చేతి మీదే. ఆ జన్యువు లేని ఎలుకలనూ అతనే పెంచాడు. చేతిలో డబ్బా నిండా హోలుబ్చీ, అంటే క్యాబేజీ ఆకుల్లో అన్నం, మాంసం చుట్టి వండినవి. ఇంట్లో వంట ఇప్పుడు అతనే చేస్తున్నాడు. అతని భార్య లెస్యా స్కూలు బస్సు నడిపిన మనిషి. ఊళ్ళో సగం సందులు కళ్ళు మూసుకుని చెప్పేది. ఇప్పుడు వంటింటికి దారి అడుగుతుంది.

"తినమ్మా మార్జరీ. నీ చేతి చలవ. లెస్యాను ఆ కొత్త మందుకి తీసుకున్నారు. మార్చి పదకొండు, మొదటి సూది" అన్నాడు.

"ఏ మందు?"

"నీదేనమ్మా! మీరు కనిపెట్టిన ప్రోటీన్‌ని తగ్గించేది. వెన్నులో వేస్తారట. మెదడు వాచే ప్రమాదం కాస్త ఉందని కాగితం మీద రాశారులే, సంతకం పెట్టేశాం."

నేను చెప్పాను. ఆ గీత తప్పని, ఆరుసార్లు చూశానని, నేనే రాశానని చెప్పాను. అతను నా వంక జాలిగా చూశాడు.

"డాక్టరు నాకు లెక్క చూపించాడమ్మా. రెండువేల మూడువందల మంది రాశారట. అంతమంది ఒకవైపు, నువ్వొక్కదానివి ఒకవైపు. కోప్పడకు, పొద్దస్తమానం పనిచేసి అలిసిపోయి ఉంటావు."

"ఒరెస్ట్, ఆ ఎలుకల్ని పెంచింది నువ్వే కదయ్యా!"

"నేను మేత వేశాను. లోపలికి తీసుకెళ్ళి మీరేం చేశారో నాకేం తెలుసు? అయినా నీ రెండో పేపరు కూడా చూపించాడుగా. అదీ మాకు అనుకూలమేనట."

అయ్యా, నా రెండు పేజీలను నా మీదికే సాక్ష్యంగా తెచ్చారు.

7. తమరిని శుక్రవారం లిఫ్టు దగ్గర ఆపి ఈ సంగతి చెప్పిన మాట వాస్తవము. తమరు సెలవిచ్చిన మాటలు యథాతథముగా: "మార్జరీ గారూ, టెక్నీషియన్ పేరు మొదట ఉన్న పేపరుకి నలభై ఏడు ఉదహరింపులంటే మన సంస్థలో రికార్డండీ. ఏప్రిల్ సభలో మీకు జ్ఞాపిక ఇద్దామని నేనే ప్రతిపాదించాను. ఇప్పుడీ గొడవెందుకు?"

ఆ రెండు పేజీలు చదివారా అని అడిగాను. "సారాంశం చూశానండీ" అన్నారు. దానికి సారాంశం లేదయ్యా. రెండు పేజీలకు ఆ పత్రికలో సారాంశం వెయ్యరు. లిఫ్టు వచ్చింది, తమరు ఎక్కారు.

కావున తమరిని వేడుకొనునది: మొదటి పేపరును ఉపసంహరించుటకు పత్రికకు నేడే రాయవలెను. అది ఆలస్యమగునని తమరు అందురు, నిజమే. అందుచేత ఈలోగా, ఆ మందు పరీక్ష నడుపుచున్న డాక్టర్లకు తమ సంతకముతో ఒక్క ఉత్తరము పంపవలెను. అందులో ఒక్క వాక్యము చాలును. మాటలు నేను ఇస్తాను: ఆ గీత ఆ ప్రోటీన్‌ది కాదు. సూది వేయించుకోబోయేవారు అరవై రెండుమంది. జ్ఞాపిక నాకు వద్దు. దానిమీద చెక్కే అంకెను చూస్తే వాంతి అవుతుంది. ఈ ఉత్తరమునకు ఖరీదు నా ఉద్యోగమైతే అదీ తీసుకొనవచ్చును.

ఆరు ఫిల్ములూ, రెండు పేజీలూ జతపరచడమైనది. దయచేసి చదివి చిత్తగించవలెను. చదవకుండా చిత్తగించవద్దు.

ఇంకా తమ విధేయురాలైన
మార్జరీ హ్రిన్‌చుక్

తా.క.: కవరు అంటించేముందు ఇంకొక్క మాట. ఇది అర్జీలో భాగం కాదు, మీతో చెప్పాలనిపించింది.

నిన్న ఆదివారం మధ్యాహ్నం ఒరెస్ట్ ఇంటికి వెళ్ళాను. అతనితో వాదిస్తుంటే లెస్యా కుర్చీ దగ్గరకు లాక్కుంది. "ఆ కాగితం నువ్వు రాసిందేనా? అయితే చదువు, వింటాను" అంది.

"దానికేం అర్థమవుతుందమ్మా, వదిలెయ్" అన్నాడు ఒరెస్ట్.

"నువ్వు నోరుముయ్యి. బస్సు నడిపేది నువ్వా నేనా?" అంది లెస్యా.

చదివాను, మొదటి అక్షరం నుంచి. రెండో పేజీలో ఆపింది. "ఆగాగు. ఆ ప్రోటీన్ లేని ఎలుకలో కూడా గీత వచ్చిందా?"

"వచ్చింది."

"అయితే అది దాని గీత కాదుగా. మరి నాకెందుకే సూది?"

పదకొండేళ్ళలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. నాకు ఏడుపొచ్చింది. అరగంటలో తను మరిచిపోయింది. మళ్ళీ చదివాను. మళ్ళీ అదే చోట ఆపి అదే అడిగింది. మూడోసారి ఒరెస్ట్ కూడా కూర్చుని విన్నాడు. అప్పుడు లెస్యా పెన్ను అడిగి ఒక కాగితం మీద తనే రాసి ఫ్రిజ్‌కి అంటించింది: "సూది వద్దు. లేని ఎలుకలోనూ గీత వచ్చింది. మార్జరీ చదివి వినిపించింది."

ఇవాళ పొద్దున ఒరెస్ట్ చెప్పాడు. లేవగానే ఆ కాగితం చూసి, "ఎవరు రాశారిది?" అని అడిగిందట. "నీ రాతే" అన్నాడట. మళ్ళీ ఒకసారి చదువుకుని, "సరే అయితే, వద్దు" అని టీ అడిగిందట. ఆసుపత్రికి ఫోను చేసి పేరు తీసేయించానని చెప్పాడు.

నా పేపరుకి అది నలభై ఎనిమిదో ఉదహరింపు. విన్న మనిషి చేసింది.

మిగిలిన అరవై ఒక్కమంది ఇళ్ళు ఎక్కడో నాకు తెలియదు. తెలిస్తే మీకు ఈ అర్జీ రాసి ఉండేదాన్ని కాదు.

మార్జరీ