నువ్వు పంపని బూట్లు

చిరంజీవి గొళ్లేనికి తాత దీవెనలు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. ఎడమ మోకాలు మాత్రం చెప్పిన మాట వినట్లేదు, దానికి మీ అమ్మ పోలికొచ్చింది. రేవులో నువ్వూ, నువ్వు నడిపే ఆ క్రేనూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. ఈ రోజుల్లో నీచేత ఉత్తరం రాయించిన ఘనుణ్ణి నేనే. తింటున్నానా అన్నావు, తింటున్నాను. మందులు వేసుకుంటున్నాను, చేదువి తప్ప. తాళాల కొట్టు మూసేశాక రోజంతా ఏం చేస్తున్నావన్నావు. మిగిలిపోయిన పాత తాళాలు బల్ల మీద పెట్టుకుని విప్పుతాను, బిగిస్తాను. నిన్న ఒకే తాళాన్ని నాలుగుసార్లు విప్పాను. అది కిర్రుమంటే గదిలో ఇంకెవరో ఉన్నట్టుంటుంది.

మూడు వారాలుగా ఫోన్ ఎందుకు ఎత్తట్లేదన్నావు. చెవుడొచ్చిందని రాద్దామనుకున్నా. నువ్వు నమ్మవు.

ఒక పొద్దున ఆన్‌లైన్ కొట్టు నుంచని ఫోనొచ్చింది. నా పేరున బూట్లు వచ్చాయట, అడ్రసు కుదరక ఆగిపోయాయట. నేనేమీ కొనలేదు. కానీ పోయినసారి నా చెప్పులు చూసి, బూట్లు పంపుతానని నువ్వన్నావు కదా.

"మా మనవరాలు పంపిందా బాబూ?" అన్నాను.

"అవునండీ, ఆవిడే."

"మా గొళ్లెమేనా?"

"గొళ్లెంగారేనండీ."

నిన్ను గారూ అని పిలిచేవాడు ఈ భూమ్మీద ఎవడున్నాడే? అక్కడే పట్టుకోవాల్సింది. నలభై ఏళ్లు తాళాలు తీశాను. బీరువా తెరవమని ఎవరొచ్చినా, లోపలేముందో ముందు నువ్వు చెప్పు అనేవాణ్ణి. నేనే చెప్పి అవునా అనడిగితే ఎవడైనా అవుననే అంటాడు. అంత తెలిసినవాణ్ణి, వాడికన్నీ నేనే అందించాను.

తర్వాత ఫోన్‌కి ఆరంకెల ఓటీపీ వచ్చింది. అది చదివితే బూట్లు బయల్దేరతాయన్నాడు. నాలుగంకెలు చదివాను. "త్వరగా తాతగారూ, టైమైపోతోంది" అన్నాడు. సొంతింటివాడు తాళాన్ని తిట్టుకుంటాడు, దొంగ నన్ను తొందరపెడతాడు. అప్పటికి గానీ నాకు తెలివి రాలేదు. పెట్టేశాను.

కింది వాటాలో టీచరమ్మ దగ్గరికెళ్తే, నువ్వు నా ఫోన్లో పెట్టిపోయిన ఆ కొట్టు యాప్ తెరిచి చూపించింది. ఒక్క ఆర్డరూ లేదు. కొట్టువాళ్లెవరూ ఓటీపీ ఫోన్లో అడగరట. అనుమానమొస్తే పెట్టేసి మనమే చూసుకోవాలట. బ్యాంకుకీ తనే చెప్పింది. మూడో తరగతితో వదిలించుకున్నాననుకున్న తిట్లన్నీ ఒక్క పూటలో తిన్నాను.

ఇంతే అయితే ఫోన్లోనే నవ్వుతూ చెప్పేవాణ్ణి. దాచింది వేరే ఉంది.

అంకెలు అడగకముందు వాడితో అరగంట మాట్లాడాను. అంతా నీ గురించే. పుట్టగానే నా వేలు పట్టుకుని వదల్లేదని ఆ పేరు పెట్టానన్నాను. నీ క్రేను గురించి, మీ అమ్మ ఆపరేషన్ గురించి చెప్పాను. వాడు ఊఁ కొట్టాడు. ఈ మధ్య అంతసేపు ఊఁ కొట్టినవాళ్లు లేరే. ఎవడికీ దొంగతాళం చేసివ్వని చేత్తో, నీ తాళంచెవి అచ్చు తీసి వాడికిచ్చినట్టయింది.

రేపెవరో ఏడుస్తూ "తాతా, నేను గొళ్లేన్ని" అంటే నేను ఆగలేను. మీ తాత పడిపోయాడని నీకెవరైనా ఫోన్ చేసినా నువ్వాగలేవు. అందుకే ఎవరి ఫోనూ ఎత్తట్లేదు. నీ పేరు కనిపించినా ఎత్తలేదు, అది మాత్రం సిగ్గుతో. ఫోన్ మోగినంతసేపూ దాని పక్కనే కూర్చునేవాణ్ణి.

ఆదివారం పొద్దున చెయ్యి. ఎత్తుతాను. హలో అనను. చిన్నప్పుడు నా కొట్లో నువ్వు మింగిన తాళంచెవి ఏ పెట్టెదో అడుగుతాను. మీ అమ్మకి కూడా మనం చెప్పలేదు. నువ్వూ నన్నొకటి అడుగు. అలాంటి ప్రశ్నలు నా దగ్గర చాలా ఉన్నాయి, వారానికొకటి అడిగినా అయిపోవు.

జవాబు ఉత్తరంలో రాయకు. ఫోన్లోనూ టక్కున చెప్పేయకు. తెలిసినా, కాసేపు ఆలోచిస్తున్నట్టు నటించు.

ఇట్లు,
ఆ పాత చెప్పులతోనే తిరుగుతున్న
నీ తాత