చీర గార్డు తీయొద్దంది

ఛత్రినాక, ఆదివారం

రఘూ,

నీ గుండె ఆగిపోయి ఏడాది. నిన్న నీ సంవత్సరీకం పెట్టాం. ఏడు తిరగకుండా ఇంట్లోకి బండి రాకూడదని నేనే అన్నాను కనుక, నీ కూతురు కవిత ఇన్నాళ్ళూ ఆగింది. ఇవాళ పొద్దున్నే వాడిన వంద సీసీ బండి ఒకటి కొనుక్కుంది. నీకు చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

దానికి నా పొట్టితనమే వచ్చింది. కాళ్ళు నేలకు అందడం లేదని అఫ్జల్‌గంజ్‌లో మెకానిక్ చేత సీటు ఫోము కోయించి ఎత్తు తగ్గించింది. హ్యాండిల్‌కు నీలం తొడుగులు వేయించింది. ముందూ వెనకా ఎర్రటి 'ఎల్' అక్షరం నేనే అంటించాను, వంకర లేకుండా.

మెకానిక్ వెనక చక్రం పక్కనున్న చీర గార్డు విప్పబోయాడు.

"ఇది తీసేస్తే బండి మస్తు కనిపిస్తది బిడ్డా."

"దాన్ని ముట్టకు భాయ్. మా నానమ్మ కూసుంటది."

"నేనెక్కుతనని నీకెవరు చెప్పిన్రే?" అన్నాను.

"నాన్న బండి ఎక్కినవు గద! నాదెందుకు ఎక్కవు?"

నువ్వు పోయాక నేను ఏ బండీ ఎక్కలేదు. ఆ మాట అక్కడ చెప్పలేక, గార్డు నట్లు ఇంకాస్త బిగించమన్నాను.

ఇక జరగవలసినవి:

1. రేపటి నుంచి నీ తమ్ముడు వెనక కూర్చుని కవితకు నేర్పాలి. అది ఒంటరిగా రోడ్డెక్కకూడదు.

2. పక్కా లైసెన్సు వచ్చేదాకా నేను ఎక్కకూడదు.

3. వచ్చిన రోజు ఎక్కాలి.

4. ఎక్కి, దాని భుజం మీద చెయ్యి వేసి "మెల్లగ పోనీ" అన్నాక, అలవాటుగా నీ పేరు నా నోట రాకూడదు. పిల్ల బండి నడుపుతూ ఏడవకూడదు.