కాలువ గట్టు చేను, పిన్ని బావి

భూగర్భ జలాల ఆఫీసులో పనిచేస్తున్న నేను, నలభై ఆరేళ్ల వయసులో, ఎల్లుండి ఆపరేషనుకు వెళ్లబోతూ, ఎవరి ఒత్తిడీ లేకుండా స్వహస్తంతో రాసుకున్న వీలునామా ఇది. నాకు మతిస్థిమితం ఉందని డాక్టరు రాసిచ్చారు. ఏది సరైనదో తెలిసే రాస్తున్నానని మాత్రం నేను రాసివ్వలేను.

1. కుట్టుమిషను పక్కింటి టైలరమ్మకు. పుస్తకాలు ఎవరడిగితే వారికి. నా గొడుగు మా సెక్షన్ హెడ్డుకు ఇవ్వకూడదు. ఆయన ఇప్పటికే రెండు పట్టుకుపోయారు.

2. కాలువ గట్టున నా స్వార్జితమైన రెండెకరాల చేను. దీని గురించి కాస్త చెప్పాలి. పన్నెండేళ్ల కిందట ఒకే నెలలో రెండు రిపోర్టుల మీద సంతకం చేశాను. మట్టికాలువలో మూడో వంతు నీరు నేలలోకి ఇంకి వృథా అవుతోందని ఒకటి. దిగువ బావుల్లో నీటికి కొరత లేదని రెండోది. రెండూ ఒకే నీళ్లని నాకు తట్టలేదు. నా మాట నమ్మి కాలువకు సిమెంటు వేశారు. బావులు ఎండిపోయాయి. "చదువుకున్నదానివి, నీకే తెలియకపోతే మా బావికి తెలుస్తుందా?" అంది పిన్ని. ఆ రోజు నుంచి వాళ్ల గడప తొక్కలేదు.

అప్పటికి మిగిలి ఉన్న నా చేను పక్క ముక్కకు మాత్రం సిమెంటు వేయనివ్వలేదు. అక్కడ ఇంకే నీరే ఇప్పుడు పిన్ని బావికి ఆధారం. కాలువల ఇంజనీరైన తమ్ముడు, "పిన్ని బావి కోసం కాలువ చివరి ఊరి చేలు ఎండబెడతావా అక్కా?" అంటాడు. అదీ నిజమే.

3. చేను తమ్ముడికీ పిన్నికీ ఉమ్మడిగా, సర్వహక్కులతో. కాని ఏడాదిపాటు, పదిహేను రోజులకోసారి, తమ్ముడు కాలువ ప్రవాహాన్నీ పిన్ని బావి మట్టాన్నీ ఒకే రోజున కొలిచి, ఒకే నోటుబుక్కులో పక్కపక్కన రాయాలి. ఆ తర్వాతే సిమెంటు మాట. వానాకాలం కాలువ నిండుగా వదిలి నేలను తాగనిచ్చి, ఎండాకాలం కాలువ నీటిని చివరి ఊరికి పంపి, పిన్నివాళ్లు బావుల మీద గడుపుకుంటే అందరికీ సరిపోతుందేమో. నా అంచనా తప్పు కావచ్చు. ఇదివరకు అయింది.

4. మట్టం కొలిచే నా ఉక్కు టేపు పిన్నికి. తడిగా చుట్టిపెట్టకు పిన్నీ, తుప్పు పడుతుంది. బావి విషయంలో తప్పు నాదే.

5. అమలు బాధ్యత మా వీధి ప్లీడరుగారిది. "వీలునామాలో ఏమో గీమో ఉండకూడదు తల్లీ, కొట్టేయండి" అన్నారాయన. ఒకచోట కొట్టేయలేకపోయాను.

ఆగస్టు పదకొండు.
(సంతకం)

సాక్షులు:
బోర్లు వేసే మేస్త్రీ.
కాలువ గేట్లు తిప్పే లస్కరు. మొత్తం చదివించుకుని విని, "ఇంతకీ రేపు గేటు తెరవమన్నట్టా, ముయ్యమన్నట్టా మేడమ్?" అని అడిగాడు. తమ్ముణ్ణీ పిన్నినీ కలిపి అడగమని చెప్పి, సంతకం పెట్టించుకున్నాను.