యజమాని గడిలో పేరు

నానమ్మా,

పొద్దుటి నుంచీ వాన. నేను పనిచేసే ఫారంలో బురదలోనే ఆవుల పాలు తీసి, షెడ్డు కడిగి, మధ్యాహ్నం నా భార్య సునీతతో టకానిని అనే ఊరికి వెళ్లాను. మేం ఈ దేశంలో కొంటున్న ఇంటి కాగితాల కోసం లాయరు రమ్మన్నాడు.

పోయిన వారం తమ్ముడు మన పొలం పాత అడంగళ్లు ఫోన్లో పంపాడు. తాతయ్య పోయాక ఊడ్పులూ కోతలూ గట్టు మీద నిలబడి చేయించింది నువ్వే. ఊరందరితో 'నా పొలం' అనేదానివి. సాగుదారు గడిలో ఏటేటా నీ పేరుంది. యజమాని గడిలో మాత్రం చనిపోయిన తాతయ్య పేరే నడిచింది, నాన్న ఎదిగాక నాన్న పేరు ఎక్కింది. నీది ఒక్క ఏడాదీ లేదు. వారమంతా సునీత దగ్గర నాన్నని తిట్టాను.

ఇవాళ లాయరు, ఇల్లు ఎవరి పేరున రాయాలని అడిగాడు.

"నా పేరు చాలు," అన్నాను. ఆ ఇంటికి సునీత జీతం కూడా పోతోంది.

"మీ నాన్నగారిని ఇంక తిట్టకండి, బాగోదు," అంది సునీత తెలుగులో, నవ్వుతూనే. లాయరు పెన్ను పట్టుకుని మా ఇద్దరి వంకా చూశాడు.

ఇద్దరి పేర్లూ రాయించాను. ఆ మాట అనిపించుకున్నాకే రాయించాను, నానమ్మా.

సునీత సంతకం పెట్టి, మూడింటి రైలెక్కి ముసలివాళ్లను చూసుకునే రెస్ట్‌హోమ్‌లో డ్యూటీకి వెళ్లిపోయింది.