దేవుడి దగ్గరున్న బిరడా

అనుదీప్,

నేను ఆఫీస్‌కి వెళ్తున్నా. సాయంత్రం బోట్‌ని లేక్‌లోకి దింపే ముందు వెనకాల కన్నానికి బిరడా పెట్టు, లేకపోతే నీళ్ళు లోపలికొచ్చేస్తాయి. గరాజ్ అంతా వెతక్కు, అది దేవుడి దగ్గరుంది. బోట్ తాళంతో పాటు దానికీ పూజ చేయాలని అత్తయ్య పట్టుకెళ్ళారు.

ఇన్సూరెన్స్ వాళ్ళడిగిన ఫోటోలు ముందు తీసి పంపు, పసుపు బొట్లు ఆ తర్వాత. కొబ్బరికాయ నేల మీదే కొట్టు. పోయినేడాది బోట్ ముక్కుకేసి కొట్టి పెచ్చు ఊడగొట్టింది అత్తయ్య కాదు, నువ్వే.

పాలసీలో డ్రైవర్‌గా నీ పేరొక్కటే రాశావు. ఆ రోజు నీ నడుం పట్టేస్తే లేక్ మధ్యలోంచి బోట్‌ని ఒడ్డుకి తెచ్చిందెవరు? ఫోన్ చేసి నా పేరు కూడా చేర్పించాను.

రాగిణి

ఇంకో మాట. అత్తయ్య "నీళ్ళంటే భయం, నేనెక్కనమ్మా" అన్నారని మనం మళ్ళీ అడగనే లేదు. నిన్న నువ్వు లేనప్పుడు చీర మీద నీ లైఫ్ జాకెట్ వేసుకుని అద్దంలో చూసుకుంటున్నారు. నన్ను చూడలేదు. జాకెట్ ఆవిడకి మరీ వదులు. వచ్చేటప్పుడు చిన్నది తెస్తాను. అప్పటిదాకా బోట్ దింపకు.