ఒక సైజు పెద్ద సైకిలు

అబ్బాయీ, మీ ఇద్దరికీ నా ఆశీస్సులు. పెరిగే పిల్ల, ఒక సైజు పెద్దదే కొనమని రాశావు. తప్పు. లోపలికి మడిచి కుట్టుకోవడానికి రేసు సైకిలేమీ గౌను కాదు.

నువ్వు పంపిన డబ్బుకు కొత్తది ఒక్కటే వచ్చింది, అదీ ఎవరూ కొనక మిగిలిన పెద్ద సైజుది. నీ కూతురు షాపు ముందే ఎక్కి చూసింది. ఎదురుగా బస్సు. బ్రేకు వేసింది గానీ కాలు నేలకు అందక సైకిలుతో సహా పడింది. డ్రైవరు జానెడు దూరంలో ఆపాడు. నేను పరుగెత్తి వెళ్ళి పిల్లను లేపాను. నువ్వు పుట్టాక నేను పరుగెత్తడం ఎప్పుడైనా చూశావా? పిల్లకు మోచెయ్యి గీసుకుంది, అంతే.

"నానమ్మా, నాన్నకి చెప్పకు, అసలు సైకిలే వద్దంటాడు" అని ఏడ్చింది. చెబుతున్నాను, వద్దనకు. ఆ పెద్దది షాపులోనే వదిలేసి అదే డబ్బుకు పాతది కొన్నాం. రంగు పోయింది గానీ బ్రేకులు గట్టివి, కడ్డీకి అటూ ఇటూ నిలబడితే రెండు పాదాలూ నేలకు ఆనుతున్నాయి.

నువ్వు కొన్న హెల్మెట్ కూడా పెద్దదేనని కోడలు చెప్పింది. రేపే మార్చు. పిల్ల తల చుట్టూ కొలిచిన దారం ఈ కార్డుకే అంటించాను. షాపులో ముడి నుంచి ముడికి కొలిపించు. ఒక్క వేలి మందం కూడా కలపకు.