రెండు పెట్టెలు, ఒక రబ్బరు బ్యాండు

జూలై 18, ఆదివారం

చిట్టికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అమ్మా నేనూ కులాసాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ మరిదిగారూ పాపా బాగుండాలని కోరుకుంటున్నాను. మన చిన్నప్పుడు నాన్న ఉత్తరాలన్నీ ఇలాగే మొదలయ్యేవి కాబట్టి నేనూ ఇలాగే మొదలుపెట్టాను. లేకపోతే ఏడాదిన్నరగా మాటల్లేని చెల్లెలికి మొదటి వాక్యం ఏం రాయాలో నాకు తోచలేదు. దీనికి ముందు నాలుగు కాగితాలు ఉండచుట్టి బుట్టలో పడేశాను. అమ్మ చూసి, బొమ్మలు గీసే ఉద్యోగానికి ఇంత కాగితం తగలెయ్యాలా అని దెప్పింది.

ఈ ఉత్తరానికి కారణం నీ కూతురే. దాన్ని కోప్పడకు. డిజైన్ కాలేజీలో వాళ్లకొక పని అప్పజెప్పారట. ఈ వృత్తిలో ఉన్న ఐదుగురిని పట్టుకుని, మీకు ఆలోచనలు ఎక్కడి నుంచి వస్తాయని అడిగి రాసుకురావాలి. నలుగురు దొరికారు, ఐదో మనిషిగా పెద్దమ్మ గుర్తొచ్చింది. నేను వెంటనే జవాబు పంపేశాను. ప్రకృతిని చూడాలి, ప్రయాణాలు చెయ్యాలి, పాత పుస్తకాల అట్టలు తిరగెయ్యాలి, మ్యూజియంలో గంటల తరబడి నిలబడాలి అని. ఇరవై రెండేళ్లుగా అడిగినవాళ్లందరికీ ఇదే అప్పజెబుతున్నాను. పాప తిరిగి రెండు ముక్కలు రాసింది. పెద్దమ్మా, మిగతా నలుగురూ కూడా ఇదే చెప్పారు, నువ్వు నిజం చెప్పు అంది. అచ్చం నీ పోలికే, ముఖం మీదే అడిగేస్తుంది.

సరే, నిజం చెబుతాను. నేను చివరిసారి మ్యూజియంకి వెళ్లింది ఆఫీసువాళ్లు బస్సులో తీసుకెళ్లినప్పుడు. అక్కడ కూడా ఎక్కువసేపు క్యాంటీన్‌లోనే కూర్చున్నాను. చాలా ఏళ్లు నా ఆలోచనలన్నీ వేరేవాళ్ల డిజైన్లలోంచే వచ్చాయి. ఇంటర్నెట్‌లో బాగున్నదల్లా దాచుకోవడం, కొత్త పని రాగానే అందులో ఒకదాన్ని కాస్త అటూ ఇటూ మార్చడం. సబ్బు పెట్టె కానీ, బిస్కెట్ల పెట్టె కానీ, మందుల పెట్టె కానీ, దుకాణం అరలో వరసగా పేరిస్తే ముద్దు రావాలి, అంతే. ఆ పెట్టెను ఇంటికి తీసుకెళ్లి ఎవరు విప్పుతారు, ఎంత హడావిడిలో విప్పుతారు అన్నది నాకెప్పుడూ పట్టలేదు.

అమ్మ నా దగ్గరికి వచ్చాకే అది పట్టించుకోవడం మొదలుపెట్టాను. నీకు తెలుసుగా, అమ్మ ఏ ఇంట్లో అడుగుపెడితే ఆ ఇంటిని తనకు అనువుగా మార్చేసుకుంటుంది. మొదటి వారంలోనే టీవీ రిమోట్ మీద చొక్కా బొత్తాం ఒకటి అంటించింది. పొయ్యి మీటకు గోళ్లరంగుతో ఎర్ర చుక్క పెట్టింది. బీరువా తాళంచెవికి గుడ్డపీలిక కట్టింది. కంటి మందు సీసాకు రబ్బరు బ్యాండు రెండు చుట్లు చుట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రిమోట్ తయారుచేసినవాళ్లు ఎంత కష్టపడి ఉంటారు, దానికి ఈ బొత్తాం ఏమిటి అసహ్యంగా అని విసుక్కున్నాను. అమ్మ తొణకలేదు. వాళ్లు కష్టపడ్డారేమో గానీ నన్నైతే అడగలేదుగా అంది.

ఆ మాట చెవిలో జోరీగలా చాలా రోజులు తిరిగింది. అప్పటి నుంచి ఎక్కడికి వెళ్లినా అలాంటివే కంటపడ్డాయి. మా ఆఫీసు లిఫ్టులో తలుపు మూసే మీట మీద ఎవరో దెబ్బలకు వేసే ప్లాస్టరు అంటించారు. అందరూ తలుపు తెరవబోయి దాన్నే నొక్కుతున్నారు మరి. జిరాక్సు మిషను మీద కాగితం ఎటు తిప్పి పెట్టాలో స్కెచ్ పెన్నుతో బాణం గీసి ఉంది. మందుల దుకాణం ఆవిడ బిళ్లల అట్ట మీద పొద్దుటి మందుకు సూర్యుణ్ణి, సాయంత్రం మందుకు చంద్రుణ్ణి గీసిస్తుంది. ఆవిడ సూర్యుడికి మూతి కూడా ఉంటుంది, నవ్వుతుంటాడు. వీళ్లెవరూ ఏ డిజైన్ కాలేజీకీ వెళ్లలేదు. మాలాంటివాళ్లం చేసిన పొరపాటును ఎవరితోనూ గొడవ పడకుండా వాళ్లే సర్దుకున్నారు. నేను వాటిని ఫోటోలు తీసి దాచుకుంటున్నాను. ఇప్పటికి మూడు వందలు దాటాయి. కొత్త పని వస్తే ముందు అవే తిరగేస్తాను. లిఫ్టు మీటలకు ఫోటోలు తీస్తున్నానని తెలిసి, ఆవిడ ఆరోగ్యం బాగానే ఉందా అని మా మేనేజరు పక్కసీటావిడను వాకబు చేశాడట.

పాపకు ఈ మాత్రం రాసి ఊరుకుందామనుకున్నాను. కానీ కిందటి నెల ఇంకొకటి జరిగింది.

కంటి మందుకు కొత్త పెట్టె, కొత్త మూత చెయ్యనివ్వమని ఒక మందుల కంపెనీ వెంట ఏడాదిగా పడుతున్నాను. చివరికి ఒప్పుకున్నారు. మూత చుట్టూ రెండు గట్లు పెట్టాను, కళ్లు మూసుకున్నా వేలికి తగులుతాయి. చెవి మందు మూత మాత్రం నున్నగా ఉంటుంది. నమూనా ఇంటికి తెచ్చి, నీ రబ్బరు బ్యాండులోంచే పుట్టిందమ్మా ఇది అని గొప్పగా అమ్మ చేతిలో పెట్టాను. అమ్మ వేలితో తడిమి, నాదేమిటే, అది చిన్నదాని బ్యాండు అంది. నువ్వు నేర్పిన అలవాటట. నీ దగ్గర ఉన్నన్నాళ్లూ కంటి మందు తేగానే నువ్వే బ్యాండు చుట్టి ఇచ్చేదానివట. ఆ ఒక్క పొద్దున మాత్రం పాత మందులు అయిపోయి, కంటిదీ చెవిదీ రెండూ కొత్తవి తెచ్చావు. నీకు ఆఫీసుకు టైమైపోయింది. బ్యాండు చుట్టకముందే అమ్మ చుక్కలు వెయ్యమని తల వెనక్కి వాల్చి కూర్చుంది.

అది విని నేను నమూనా అమ్మ చేతిలోంచి తీసుకుని నా సంచిలో పెట్టేశాను.

ఆసుపత్రి వరండాలో జరిగింది నీకు గుర్తుచెయ్యక్కర్లేదు. చెవి మందు అమ్మ కంట్లో పడింది. ఆ కుడికన్ను ఇప్పటికీ మసకే. రెండు పెట్టెలూ ఒకేలా ఉన్నాయని నువ్వు ఏడుస్తూ చెప్పావు. ఏవీ, చూపించమన్నాడు అన్నయ్య. నువ్వు నీ సంచి బోర్లించేశావు. సీసాలు డాక్టరు దగ్గరున్నాయి, పెట్టెలు దొరకలేదు. దుకాణానికి వెళ్లి అలాంటివే తెచ్చి చూపిస్తానన్నావు. చదువుకున్నదానివి, పేరు చదివి వెయ్యలేవా, ఇంక ఆ పెట్టెల గోల ఆపు అని అందరి ముందూ కసిరాడు. అమ్మను ఇక నీ దగ్గర ఉంచేది లేదని అక్కడే తేల్చేశాడు. నువ్వు నా చెయ్యి పట్టుకుని, అక్కా, నువ్వైనా చెప్పు, నీ పనే అది కదా అన్నావు. నేను ఒళ్లోని నా సంచి సర్దుకుంటూ కూర్చున్నాను. నువ్వు నా చెయ్యి వదిలేసి వెళ్లిపోయావు.

నేను ఆఫీసుకు బయల్దేరగానే అమ్మ నీకు ఫోను చేస్తుందని నాకు తెలుసు. ఏదైనా మర్చిపోయి వెనక్కొస్తే, నేను తలుపు తీసే చప్పుడు వినగానే పెట్టేస్తుంది. నాకు ఏడుపొస్తుంది, అసూయగానూ ఉంటుంది.

కాబట్టి పాపకు నా జవాబు ఇది. ఐదో మనిషిగా నా పేరు కొట్టేసి వాళ్లమ్మ పేరు రాసుకోమను. ఆ రబ్బరు బ్యాండు ఆలోచన ఎలా వచ్చిందో నిన్నే అడగమను. నువ్వు ఆఫీసు కంగారులో ఉన్నప్పుడు మాత్రం అడగొద్దని చెప్పు.

నిన్ను చూడాలని అమ్మ ప్రాణం కొట్టుకుంటోంది. నాకూ అలాగే ఉంది. కానీ రమ్మని పిలిచే ముఖం నాకు లేదు. ఎందుకు లేదో ఉత్తరం మధ్యలో రాయబోయి నాలుగుసార్లు ఆగిపోయాను. బుట్టలో పడ్డ కాగితాలు అవే. సంతకం పెట్టేశాకైనా రాయగలనేమో చూస్తాను.

ప్రేమతో,
నీ అక్క

తా.క. ఆ పెట్టెలు నేను చేసినవే, చిట్టీ. తమ మందులన్నీ ఒకే ఇంటి పిల్లల్లా కనిపించాలని కంపెనీవాళ్లు అడిగారు. తెలుపు మీద ఒకే నీలం పట్టీ, పేరు ఒకే చోట, అన్నీ సన్నటి అక్షరాలు. కంటికీ చెవికీ తేడా మూలన గోరంత బొమ్మ. ఆఫీసులో అందరూ చప్పట్లు కొట్టారు, ఫ్రేము కట్టించి గోడకు తగిలించారు. ఆ రోజు నేను ఆసుపత్రికి వచ్చేసరికి అమ్మను లోపలికి తీసుకెళ్లారు, పెట్టెలు రెండూ బెంచీ మీద ఉన్నాయి. చూడగానే గుర్తుపట్టాను. నువ్వు డాక్టరుతో మాట్లాడుతుంటే తీసి నా సంచిలో వేసుకున్నాను. నువ్వు నీ సంచి బోర్లించినప్పుడు అవి నా ఒళ్లోనే ఉన్నాయి.

నిన్న అమ్మకు చెప్పేశాను. నాకు చెప్పడం కాదే, చిన్నదానికి చెప్పావా అని అడిగింది. కవర్లో ఆ రెండు పెట్టెలూ పెట్టాను, అవి నీ దగ్గరే ఉండాలి. పెట్టేముందు ఇవాళ సాయంత్రం అన్నయ్యను పిలిపించి, రెండూ ఎదురుగా పెట్టి, అన్నయ్యా, నీకు ఆఫీసుకు టైమైపోయిందనుకో, అమ్మ కంటి మందు ఇలా అందుకో అన్నాను. అన్నయ్య కళ్లజోడు సర్దుకుని మరీ ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. అది చెవి మందు.